సెలవుల్లో యోహానె గారింటికి

ఈమధ్య ఇద్దరు కుర్ర టీచర్లు రాజోలులో మా ఇంటికి వచ్చారు. అమ్మాయిది ఓడలరేవు, అబ్బాయిది మలికిపురం. ఇద్దరూ ఆఫ్రికాలో ఒక మిషన్ బడికి రెండేళ్ళు వాలంటీర్లుగా వెళుతున్నారు. నేను ముందు వెళ్ళొచ్చినవాణ్ణి కాబట్టి సలహా అడగడానికి వచ్చారు. అక్కడ ఏం తినాలి, దోమతెర ఎలాంటిది కొనాలి, ఫోన్లు అందుతాయా, పిల్లలు మాట వింటారా అని అడిగారు. తెలిసినంత చెప్పాను. సెలవుల్లో ఏం చేస్తారని నేను అడిగితే మాత్రం ఇద్దరూ మొహాలు చూసుకున్నారు.

"టిక్కెట్టు దొరికితే ఇంటికొచ్చేద్దామనుకుంటున్నామండి," అంది ఆ అమ్మాయి.

వాళ్ళు వెళ్ళాక ఇది రాయాలనిపించింది. పాఠం ఎలా చెప్పాలో బడే నేర్పుతుంది. సెలవుల సంగతి ఎవరూ చెప్పరు. నాకు నా ఉద్యోగం అర్థమైంది ఒక డిసెంబరు సెలవుల్లో.

నేను అక్కడికి ఎలా వెళ్ళాను

మాది వేదం చెప్పుకునే ఇల్లు. మా తాతగారు, పెదనాన్నగారు ఆ పనిలోనే బతికారు. నాకు లెక్కలు పట్టుబడ్డాయి. ఉద్యోగం మలికిపురం దగ్గర ఒక మిషన్ హైస్కూల్లో వచ్చింది, రిటైరయ్యేదాకా అక్కడే చేశాను. పొద్దున్న ఇంట్లో సంధ్యావందనం, బడికి వెళ్ళాక ప్రార్థన గంట. ఇందులో వింతేమీ మా ఊళ్ళో ఎవరికీ కనపడలేదు, నాకూ కనపడలేదు. నా దగ్గర చదువుకున్న పిల్లలే ఆ చుట్టుపక్కల సగం బళ్ళలో టీచర్లయ్యారు.

రిటైరయిన సంవత్సరం మా హెడ్మిస్ట్రెస్ కరుణమ్మగారు ఇంటికి వచ్చారు. మలావీ దేశంలో పెద్ద సరస్సు ఒడ్డున వాళ్ళ మిషన్‌కి తెలిసిన బడి ఉందని, లెక్కల మాస్టారు లేక పిల్లలు పరీక్షలు తప్పుతున్నారని చెప్పారు.

"నేను బాప్తిస్మం తీసుకున్నవాణ్ణి కాదు కదండీ," అన్నాను.

"ఆయ్, ఆ సంగతి వాళ్ళకి రాసేనండి. త్రికోణమితి వచ్చా అని మాత్రం అడిగేరు," అన్నారావిడ.

నా భార్య కామేశ్వరి వీణ నేర్పుతుంది. పిల్లల్ని మధ్యలో వదిలి రానంది. నన్ను మాత్రం వెళ్ళమంది. ఇంట్లో కూర్చుంటే కూరలో ఉప్పుకి కూడా లెక్క చెబుతానని ఆవిడ భయం.

ఏనుగుల్ని చూడటం

అక్కడ మా ప్రిన్సిపాల్ మార్గరెట్ గారు. స్కాట్లండు నుంచి పడుచు వయసులో వచ్చి అక్కడే ముసలావిడ అయ్యారు. పొట్టి మనిషి, మాట కరుకు. మొదటి టర్మ్ చివర నా క్లాసులో వెనక కూర్చుని పాఠం విన్నారు. అయ్యాక, పిల్లలకి నా ఇంగ్లీషు సగం అర్థం కావడం లేదని చెప్పారు. నేను నమ్మలేదు. అర్థమైందా అంటే క్లాసంతా ఒక్క గొంతుతో అయిందంటున్నారు కదా అన్నాను. అది మర్యాద కోసం అంటున్నారని ఆవిడ అన్నారు. నాకు వెంటనే మా వైపు మనుషులు గుర్తొచ్చారు. బ్యాంకు మేనేజరు ఏం చెప్పినా "ఆయ్" అని తలూపి, బయటికొచ్చాక పక్కవాణ్ణి అడిగే మనుషులం మేము. ఆ పిల్లలు మాకేం తీసిపోరు. అప్పటినుంచి మెల్లిగా మాట్లాడటం, బోర్డు మీద ఎక్కువ రాయడం నేర్చుకున్నాను.

మొదటి సెలవులకి మిగతా విదేశీ వాలంటీర్లతో కలిసి అడవి చూడటానికి వెళ్ళాను. జీపు మీదనుంచి ఏనుగుల గుంపుని, నీటిగుర్రాల్ని చూశాం. చాలా బాగుంది, కాదనను. తిరిగొచ్చి మార్గరెట్ గారికి ఫొటోలు చూపించాను. ఆవిడ అన్నీ ఓపిగ్గా చూసి, "మంచి ఏనుగులు. కాని మిస్టర్ శర్మా, ఇవి మీ క్లాసుకి రావు," అన్నారు.

నాకు కోపం వచ్చింది. జీతం లేని పని చేస్తూ సెలవుల్లో కూడా ఈవిడ చెప్పినట్టు తిరగాలా అనుకున్నాను. ఆ కోపం చాలా రోజులుంది. అయితే మా స్టాఫ్‌రూమ్‌లో నా పక్క బల్ల మీద కూర్చునే చికొండి అనే సైన్సు టీచరు, డిసెంబరు సెలవులకి తన ఊరు రమ్మని పిలిచినప్పుడు వస్తానన్నాను. చికొండికి ముప్పై దాటి ఉంటాయి. నెమ్మదస్తుడు. నా ఇంగ్లీషు అందరికంటే ముందు అర్థం చేసుకున్నవాడు అతనే.

సరస్సు మీద, ఒడ్డున

బస్సు, ఆ తర్వాత బస్తాల మీద కూర్చుని ట్రక్కు, ఆ తర్వాత మరబోటు. సరస్సు అంటే మన కొల్లేరులాంటిదేమో అనుకుని వెళ్ళిన నాకు మొదట్లో అది అంతర్వేది దగ్గర సముద్రంలాగే కనిపించేది. అలలుంటాయి, అవతలి ఒడ్డు కనపడదు. దోసిలితో తాగితే తియ్యటి నీళ్ళు. బోటు దిగుతూ తాగితే చికొండి నవ్వాడు.

వాళ్ళ ఊరు ఇసకలో నాలుగు వరసల ఇళ్ళు. తాళ్ళ మీద ఆరేసిన వలలు, బల్లల మీద ఎండుతున్న చిన్న చేపలు. ఆ వాసన ఓడలరేవులో నేనెరిగిందే. చికొండి వాళ్ళ నాన్న యోహానె గారు ఒడ్డుదాకా ఎదురొచ్చారు. పొడుగ్గా, బక్కగా ఉన్నారు. చొక్కా గుండీలన్నీ మెడదాకా పెట్టుకున్నారు. ఒకప్పుడు చేపలు పట్టేవారు, ఇప్పుడు ఆ ఊరి చిన్న చర్చికి పెద్ద. పాస్టరు వాగు అవతల పెద్ద ఊళ్ళో ఉంటాడు, నెలకొకసారి వస్తాడు. మిగతా ఆదివారాలు ప్రార్థన నడిపించేది యోహానె గారే. భార్య పోయారు. చెల్లెలు ఎస్తేరు ఇల్లు చూస్తుంది. చర్చిలో ఆడవాళ్ళ సంఘానికి ఆవిడ పెద్ద.

వచ్చీ రాగానే పెద్ద ఇబ్బంది వచ్చింది. అతిథి వస్తే కోడిని కొయ్యకపోవడం వాళ్ళకి అవమానం, కోస్తే తినకపోవడం ఇంకా అవమానం. చికొండి చాలాసేపు సర్దిచెప్పాడు. ఎస్తేరు గారు నాకు ఏదో జబ్బనుకుని జాలిగా చూశారు. చివరికి యోహానె గారు ఆ కోడిని కాళ్ళు కట్టి ప్రాణాలతో నా చేతికిచ్చారు. తినకపోతే పోనీ, ఇది మాత్రం మీదే అని చికొండి చేత చెప్పించారు. ఉన్నన్నాళ్ళూ నా కోడి ఆ వాకిట్లో తిరిగింది. నేను మొక్కజొన్న పిండి ముద్ద, చిక్కుళ్ళు, గుమ్మడాకు కూర తిన్నాను. ఆ ఆకుకూరలో వేరుసెనగ పొడి వేస్తారు. కామేశ్వరికి ఫోన్‌లో చెబితే ఇక్కడ చేసి చూసింది, కుదరలేదంది.

యోహానె గారికి ఇంగ్లీషు రాదు, నాకు వాళ్ళ చిచేవా భాషలో కూరగాయల పేర్లు, నమస్కారాలు తప్ప రావు. రెండో రోజు సాయంత్రం ఆయన ఒక చెక్క పలక తెచ్చి మా మధ్య పెట్టారు. నాలుగు వరసల గుంటలు, గుప్పెడు గింజలు. నేను గట్టిగా నవ్వేశాను. మా ఇంట్లో అమ్మ, అత్తయ్యలు చింతపిక్కలతో ఆడే వామనగుంటలే అవి, కాకపోతే రెండింతలు. వాళ్ళు బావో అంటారు. మా ఇంట్లో అది ఆడవాళ్ళ ఆట, మగపిల్లలు ముట్టుకుంటే వెక్కిరించేవారు. అక్కడ ఊరి పెద్దమనుషులు ఆడే ఆట.

రోజూ సాయంత్రాలు ఆడేవాళ్ళం. ఎప్పుడూ నేనే ఓడేవాణ్ణి. గింజలు గుంటల్లో పడే చప్పుడు తప్ప మాటలుండేవి కావు. ఆయన మంచి ఎత్తు వేసినప్పుడు అలవాటుగా నేను "ఆయ్" అనేవాణ్ణి. ఆయనకది నచ్చింది. నేను అనకముందే ఆయనే అనేసి, భుజాలు కదిలేలా నవ్వేవారు. నవ్వితే దగ్గొచ్చేది. దగ్గు తగ్గేదాకా గుండెల మీద చెయ్యి పెట్టుకుని, ఆ తర్వాత నా వంతని సైగ చేసేవారు. నా కంటే పదేళ్ళు పెద్ద అయి ఉంటారు. అంత వయసులో కొత్తగా ఒక స్నేహితుడు దొరకడం ఇద్దరికీ ఆశ్చర్యమే.

వాగు

క్రిస్మస్ వెళ్ళాక వానలు పట్టుకున్నాయి. ఒక పొద్దున్న యోహానె గారు గుండెల్లో బరువుగా ఉందని పడుకున్నారు. మధ్యాహ్నానికి ఊపిరి అందడం కష్టమైంది. ఆసుపత్రి వాగు అవతల. బోటు మీద వెళదామంటే సరస్సు అల్లకల్లోలంగా ఉంది, ఆ గాలికి బోటు తియ్యడానికి ఎవరూ సాహసించలేదు. నులక మంచాన్ని కర్రలకి కట్టి, ఆయన్ని పడుకోబెట్టి, ఊళ్ళో మగవాళ్ళు భుజాల మీద ఎత్తుకున్నారు. నేను పక్కన గొడుగు పట్టుకుని నడిచాను.

వాగు దగ్గరికి వెళ్ళేసరికి దుంగల వంతెన నీళ్ళ కింద ఉంది. గోదావరి వరదలు చూస్తూ పెరిగినవాణ్ణి నేను. నీటి రంగు చూడగానే అది దాటే నీరు కాదని తెలిసింది. చికొండి దిగబోయాడు. ఇద్దరు పట్టుకుని వెనక్కి లాగారు. అవతలి ఒడ్డు నుంచి మమ్మల్ని చూసి ఎవరో పాస్టరుని పిలుచుకొచ్చారు. ఆయన చేతులెత్తి ఏదో పెద్దగా చెబుతున్నాడు. నీటి హోరులో ఒక్క మాటా ఇవతలికి రాలేదు.

మంచం దించారు. చికొండి తన తండ్రి తలని ఒళ్ళో పెట్టుకున్నాడు. నేను పాదాలు రుద్దుతున్నాను, చల్లగా ఉన్నాయి. యోహానె గారు కళ్ళు తెరిచి కొడుకుతో రెండు మాటలు అన్నారు. నా వైపు కూడా చూశారు. నీళ్ళు తగ్గుతాయేమోనని అందరం వాగుకేసి చూస్తూండగా ఆయన ప్రాణం పోయింది.

వానలోనే వెనక్కి మోసుకొచ్చాం. ఆడవాళ్ళు ఇంట్లో ఆయన చుట్టూ కూర్చుని పాటలు మొదలుపెట్టారు.

చదవడం

మర్నాడు సమాధి చెయ్యాలి. వాగు తగ్గలేదు, పాస్టరు రాలేడు. ప్రార్థన నడిపించే పెద్ద ఆయనే, ఆయనే లేరు. ఎస్తేరు గారు చికొండిని వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చారు. మిషన్ నుంచి వచ్చిన పెద్దవారు మీరున్నారు, మీరే పుస్తకం చదివి మా అన్నయ్యని సాగనంపాలి అని అడిగారు.

చికొండికి నా సంగతి తెలుసు. తల దించుకున్నాడు. అతను నా తరఫున అబద్ధం చెప్పడు, నన్ను ఇరకాటంలో పెట్టడం కూడా అతనికి ఇష్టం లేదు. వాకిట్లో ఊరంతా ఉంది. తలూపి ఊరుకుంటే ఎవరికీ తెలియదు. కాదంటే, తండ్రి పోయినవాడికి ఆ రోజు ఇంకో లోటు చేసినవాణ్ణవుతాను. ఏది చేసినా తప్పేనేమోనని భయం వేసింది.

నిజమే చెప్పాను. "నేను క్రైస్తవుణ్ణి కాదమ్మా. మీ బడిలో లెక్కలు చెప్పడానికి వచ్చాను. మీ పుస్తకం మీద నాకు గౌరవం ఉంది. కాని పాస్టరులా నిలబడితే మీ అన్నయ్యగారిని మోసం చేసినట్టవుతుంది."

చికొండి అది వాళ్ళ భాషలో చెప్పాడు. దానికి ఎస్తేరు గారు అడిగిన మాట నాకు ఇంగ్లీషులో చెప్పాడు.

"అత్తయ్య అడుగుతోంది, మీకు చదవడం వచ్చా అని. ప్రార్థన మేం చేసుకుంటాం, మాకు చేతనవును అంటోంది. ఈ ఇంట్లో పెద్ద అక్షరాలు కూడా కనపడని కళ్ళే ఎక్కువ. నేను చదవలేను, నా గొంతు రాదు."

చదవడం వచ్చు. చిచేవా ఇంగ్లీషు అక్షరాల్లోనే రాస్తారు. పలికినట్టే రాస్తారు. ఆ మాటలన్నీ మన తెలుగు మాటల్లాగే అచ్చులతో ముగుస్తాయి. అర్థం తెలియకుండా చదవాల్సి రావడం కూడా నాకు కొత్త కాదు. చిన్నప్పుడు తాతగారు నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, ఒక్క మాట అర్థం కాని వేద పనసలు చెప్పించేవారు. ఒక అక్షరం జారితే మొదటికి తెచ్చేవారు. అర్థం తర్వాత వస్తుంది, ముందు అక్షరాన్ని చెడగొట్టకు అనేవారు.

చికొండి బైబిల్లో చూపించిన కీర్తనని పక్కకి వెళ్ళి రెండుమూడుసార్లు చదువుకున్నాను. తప్పులు అతను సరిదిద్దాడు. సమాధుల తోపులో చెట్లు కొట్టరు, అందుకని చీకటిగా, చల్లగా ఉంది. తడి మట్టి అంచున నిలబడి చదివాను. తాతగారి ముందు చదివినంత జాగ్రత్తగా చదివాను. నా గొంతు ఎక్కడా తొందరపడలేదు. ఆడవాళ్ళు ఏడుస్తున్నారు. నాకు అర్థం కాని మాటలు వాళ్ళకి అర్థమవుతున్నాయని అప్పుడే తెలిసింది. చదవడం అయ్యాక ఎస్తేరు గారు ప్రార్థన చేశారు. ఆ తర్వాత నన్ను ఆయన గురించి ఏమైనా చెప్పమన్నారు. నాతో రోజూ ఆడి, రోజూ గెలిచి, ఒక్కసారి కూడా నన్ను చిన్నబుచ్చలేదని చెప్పాను. చికొండి దాన్ని తిప్పి చెబుతూ మధ్యలో ఆగిపోయాడు. మిగతాది ఎస్తేరు గారు ఊహించి పూర్తి చేశారు.

సరస్సులో మునిగి బట్టలు తడిపి ఆరేసుకున్నాను. వాన వెలిసి సిగ్నలు దొరికాక ఇంటికి ఫోన్ చేసి అంతా చెప్పాను. కామేశ్వరి ఏమంటుందోనని కొంచెం జంకుగానే ఉంది.

"స్నానం చేసేరా?" అంది.

"సరస్సులో చేశాను."

"ఆ అబ్బాయి ఏమైనా తిన్నాడాండి?"

తినలేదన్నాను. "అయితే ఫోన్ పెట్టేసి ముందు అతన్ని కూర్చోబెట్టండి. మీరు పక్కన కూర్చుంటే తింటాడు," అంది.

కూర్చున్నాను. నాలుగు ముద్దలు తిన్నాడు.

మార్గరెట్ గారు అన్న మాట

బడి తెరిచే ముందు మార్గరెట్ గారికి జరిగింది జరిగినట్టు చెప్పాను. మిషన్ పేరు మీద నేను చెయ్యకూడని పని చేశానని అంటారేమో, ఇంటికి పంపేస్తారేమో అనుకున్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"మీరు ముందు నిజం చెప్పకుండా చదివి ఉంటే, ఈ వారమే మిమ్మల్ని విమానం ఎక్కించేదాన్ని," అన్నారు. కళ్ళజోడు పెట్టుకుని, "యోహానె నాకు తెలుసు. మొదట నన్ను ఈ ఒడ్డున దింపింది ఆయన పడవే," అన్నారు.

నేనెరిగిన పై అధికారుల్లో ఆవిడంత కఠినంగా ఎవరూ లేరు. ఆవిడంత న్యాయంగా ఉన్నవాళ్ళూ తక్కువే.

ఆ టర్మ్‌లో నా క్లాసులు మారిపోయాయి. సరస్సు ఒడ్డు ఊళ్ళ పిల్లలు ఎందుకు ఆలస్యంగా వస్తారో, వానాకాలంలో ఎందుకు మానేస్తారో నాకిప్పుడు తెలుసు. మానేసినవాడి పేరు కొట్టేసే బదులు వాగు తగ్గాక కబురు పంపేవాణ్ణి. తర్వాతి సెలవులన్నీ ఎవరో ఒకరి ఇంట్లోనే గడిపాను. ఏనుగుల్ని మళ్ళీ చూడలేదు, అది కొంచెం విచారమే. చూడదగ్గవే అవి.

కుర్రవాళ్ళకి నేను చెప్పేదింతే. పిలిచినవాళ్ళ ఇంటికి వెళ్ళండి. మీరు ఎవరో అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. వాళ్ళు మిమ్మల్ని పెద్ద చేసి చూస్తారు, ఆ పెద్దరికం మీది కాదు. చెయ్యగలిగింది మాత్రం చెయ్యండి, అది శ్రద్ధగా చెయ్యండి.

మహాలయ పక్షాల్లో

ఇంటికి తిరిగొచ్చిన ఏడాది భాద్రపదంలో మహాలయ పక్షాలు వచ్చాయి. పోయిన మన పెద్దవాళ్ళకి పేరుపేరునా నువ్వులు, నీళ్ళు వదిలే రోజులవి. ఆ వరసలో చుట్టాలతోపాటు గురువుకి, స్నేహితుడికి కూడా చోటుంది. నాకు యోహానె గారు గుర్తొచ్చారు. అయితే ఆయన చర్చి పెద్ద. నా తృప్తి కోసం ఆయన పేరు వాడుకోవడం సరికాదనిపించింది. చికొండికి వాట్సాప్‌లో ఫోన్ చేసి, ఏం చేస్తామో వివరించి, అభ్యంతరం ఉంటే మానేస్తానని చెప్పాను. అతను అత్తయ్యని అడిగి చెబుతానన్నాడు. మర్నాడు చేశాడు.

"ఆరోజు ఆయన మన పుస్తకం చదివాడు కదా, వాళ్ళ దాంట్లో మనవాడి పేరు చదువుకోనియ్ అంది," అన్నాడు. "నీళ్ళు ఒక్కటేనా, చేపలేమీ పెట్టరా అని కూడా అడిగింది."

మాకు ఇవన్నీ చేయించేది మా పెదనాన్నగారబ్బాయి, సోమయాజులు అన్నయ్య. ఆచారం విషయంలో వెంట్రుకవాసి కూడా సడలించడు. ముందు చెబితే కాదంటాడేమోనని చెప్పలేదు. వశిష్ఠ గోదావరి రేవులో మోకాటిలోతు నీళ్ళలో నిలబడి, తాతగారు, నాన్నగారు, అమ్మ, మేనత్తలు, అందరూ అయ్యాక, ఇంకొకరున్నారన్నాను.

"ఎవర్రా?"

"స్నేహితుడు. మలావీలో పోయాడు. యోహానె."

అన్నయ్య నా మొహం చూశాడు. నేను గబగబా చెప్పడం మొదలుపెట్టాను, చర్చి పెద్ద అనీ, వాగు అనీ, వాళ్ళింట్లోవాళ్ళు ఒప్పుకున్నారనీ. చెయ్యెత్తి ఆపాడు.

"గోత్రం?"

"తెలీదు అన్నయ్యా."

"తెలీనివాళ్ళది కాశ్యప గోత్రం," అన్నాడు. "పేరు మళ్ళీ చెప్పరా శివుడూ. యోహానా?"

"యోహానె."

రెండుసార్లు తనలో తను అనుకుని సరిచూసుకున్నాడు. తర్వాత పైకి, స్పష్టంగా ఆ పేరు పలికాడు. నేను నువ్వులు తీసుకుని నీళ్ళు వదిలాను.